చేతికిచ్చే కొవ్వొత్తి

నా ఉద్యోగం నిప్పు వద్దనడం. ఈ పరాయి దేశంలో, జురాంగ్ ఐలాండ్ అనే దీవి మీద ఒక రసాయనాల ప్లాంటులో పంతొమ్మిదేళ్లుగా అదే పని. వెల్డింగయినా, గ్రైండింగయినా, రవ్వ పుట్టే ఏ పనికైనా ముందు నా దగ్గరికి పర్మిట్ కాగితం రావాలి. నేను వెళ్లి, మీటరు పెట్టి గ్యాస్ ఉందో లేదో చూసి, చుట్టుపక్కల ఏముందో చూసి, అప్పుడు సంతకం పెడతాను. చాలాసార్లు పెట్టను. కాంట్రాక్టర్లు వెనకాల నన్ను ఏమని పిలుస్తారో నాకు తెలుసు, అది ఇక్కడ రాసేది కాదు. పని ఆగిపోతోందని వాళ్లు ఎంత మొత్తుకున్నా నాకు చీమ కుట్టినట్టయినా ఉండదు. అనుమానం వస్తే సంతకం పెట్టకూడదు, అంతే. ఎవరినీ సలహా అడిగే అలవాటు కూడా నాకు లేదు, అక్కడ అందరూ నన్నే అడుగుతారు.

అలాంటివాణ్ణి పట్టుకుని నా భార్య తన చివరి కోరిక కోరింది. పోయేటప్పుడు తన చేతిలో వెలుగుతున్న కొవ్వొత్తి పెట్టమంది.

మేము గుంటూరు వైపు ఆర్‌సీఎం వాళ్లం, అంటే కేథలిక్కులం. ఫిబ్రవరి రెండో తేదీ మాకు కొవ్వొత్తుల పండుగ. క్రిస్మస్ వెళ్లిన నలభయ్యో రోజు, బాలయేసును తల్లి ఎత్తుకుని గుడికి తీసుకెళ్లిన రోజు. మా ఊళ్లో అప్పటికి మంచు ఇంకా తగ్గేది కాదు. పొద్దున్నే అందరం తలకు మఫ్లర్లు, శాలువాలు చుట్టుకుని గుడి బయట నిలబడేవాళ్లం. ఇంటికో కొవ్వొత్తుల కట్ట. ఫాదర్ గారు ప్రార్థన చదివి, దీవించిన నీళ్లు చల్లేవారు. ఆ తర్వాత ఒకరి వత్తి నుంచి ఒకరు ముట్టించుకుంటూ, పాడుకుంటూ వరసగా లోపలికి నడిచేవాళ్లం. ఎనిమిదేళ్లప్పుడు నేను ముందు నడుస్తున్న ఆవిడ శాలువా అంచు కాల్చాను. గుడి మెట్ల మీదే నాకు వీపు విమానం మోత మోగింది. నిప్పుతో నా పరిచయం అలా మొదలైంది.

మిగిలిన కొవ్వొత్తులు ఇంటికి తెచ్చి ట్రంకుపెట్టెలో బట్టల కింద దాచేవాళ్లు. మామూలు రోజుల్లో కరెంటు పోయినా వాటి జోలికి వెళ్లనిచ్చేవాళ్లు కాదు. వాటిని బయటికి తీసేది రెండే సందర్భాల్లో. పెద్ద తుఫాను పట్టినప్పుడు ఒకటి. ఇంట్లో మనిషి పోయేటప్పుడు ఇంకొకటి. ఊపిరి ఎగశ్వాసలోకి దిగిందనగానే దగ్గరివాళ్లెవరో కొవ్వొత్తి వెలిగించి, ఆ మనిషి చేతిలో పెట్టి, వేళ్లు ముడిచి, జారిపోకుండా తమ చెయ్యి చుట్టూ వేసి పట్టుకునేవాళ్లు. దారి కనబడాలని. మా నాయనమ్మకు మా నాన్న పట్టుకున్నాడు. మా నాన్నకు నేను పట్టుకున్నాను. మా అత్తగారికి నా భార్య పట్టుకుంది. ఆస్పత్రిలోనో రోడ్డు మీదో పోయినవాళ్ల గురించి ఆడవాళ్లు గొంతు తగ్గించి, పాపం చీకట్లోనే వెళ్లిపోయాడమ్మా అనుకునేవాళ్లు.

నాకు వీటిమీద అంత పట్టింపు లేదు. గుడికి వెళ్తాను, వెళ్లానంటే వెళ్లాను. ఆమెకు మాత్రం ఇదంతా కళ్లతో చూసినంత నిజం. ఇక్కడ వన్-నార్త్ అనే ఆఫీసుల పేటలో, పెద్ద చదువుల వాళ్లతో నిండిన ఆఫీసులో పదకొండేళ్లు పనిచేసింది. ఆ నమ్మకం అణువంత కూడా అరగలేదు.

మూడేళ్ల కిందట పొడిదగ్గుతో మొదలైంది. ఏసీ పడలేదనుకున్నాం. ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయనీ, దానికి మందు లేదనీ, ఉన్నవి ఆలస్యం చేసేవే తప్ప ఆపేవి కావనీ ఏడాది గడిచేసరికి తేలింది. మార్పిడికి ఆమె శరీరం తట్టుకోదన్నారు. కిందటి క్రిస్మస్ నాటికి పడకగదిలోకి ఆక్సిజన్ మిషను వచ్చింది. గదిలో గాలినే పీల్చుకుని, ఆక్సిజన్ వేరుచేసి, గొట్టంలోంచి ముక్కుకు పంపే మిషను. పగలూ రాత్రీ గుర్రుమంటూనే ఉండేది.

అది వచ్చిన రోజే నేను నా పని మొదలుపెట్టాను. గది తలుపుకు పొగ తాగరాదు అని ఎర్ర బోర్డు అంటించాను. మా ఇంట్లో ఇంతవరకూ ఎవరూ సిగరెట్టు ముట్టలేదు. వంటింట్లో గ్యాస్ పొయ్యి తీయించి ఇండక్షన్ పెట్టించాను. మేరీమాత బొమ్మ ముందు ఆమె రోజూ పెట్టే దీపం తీసేసి చిన్న కరెంటు బల్బు పెట్టాను. ఆమె మంచం మీద కూర్చుని అన్నీ చూసింది.

“ఇల్లు కాదండీ ఇది, మీ ప్లాంటే. నాక్కూడా ఓ హెల్మెట్ తెచ్చిపెట్టండి, సరిపోద్ది,” అంది.

నవ్వితే దగ్గొచ్చేది, అందుకని నవ్వకుండా అనేది.

జనవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం నన్ను మంచం పక్కన కూర్చోమంది. రెండో తారీఖున గుడికెళ్లి కొవ్వొత్తులు దీవించుకుని రమ్మంది.

“తెస్తాలే,” అన్నాను.

“తెచ్చి బీరువాలో పెట్టడం కాదు. నాకియ్యాలి. ఆ టైముకి.”

ఏ టైముకని నేను అడగలేదు. అడిగితే చెప్పేస్తుందని భయం.

“ఆక్సిజన్ పెట్టుకున్న మనిషి పక్కన నిప్పు ఎట్టా ముట్టిస్తారే?”

“ఆపి ముట్టించండి.”

“ఆపితే నీకు ఊపిరి?”

“అప్పటికి ఊపిరితో నాకేం పనండీ?”

నేను ఓపిగ్గా చెప్పాను. ఆక్సిజన్ దిండులోకీ దుప్పటిలోకీ జుట్టులోకీ ఇంకిపోతుంది, మిషను ఆపినా వెంటనే పోదు, కిటికీలన్నీ తీసి అరగంటైనా గాలి ఆడనివ్వాలి, ఈలోపు చిన్న నిప్పు తగిలినా గుడ్డ గుడ్డలా కాలదు, భగ్గుమంటుంది అని. ప్లాంటులో కొత్తగా చేరినవాళ్లకు చెప్పినట్టే, వేళ్లు మడిచి మరీ చెప్పాను. ఆమె అంతా విన్నది.

“అయితే చీకట్లో పంపిస్తారా నన్ను?” అంది.

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. నిజంగా భయం ఉంది. పాతికేళ్ల కాపురంలో ఆమె దేనికైనా భయపడడం నేను మూడు నాలుగు సార్లకు మించి చూడలేదు.

“ఇస్తాలే. మాటిస్తున్నాగా,” అన్నాను.

అది అబద్ధం. అంటున్నప్పుడే నాకు తెలుసు. ఆ కాగితం మీద నేను సంతకం పెట్టనని ఆ క్షణానే నిర్ణయించుకున్నాను.

ఫిబ్రవరి రెండున డ్యూటీ దిగి, బస్సూ ట్రైనూ మారి సాయంత్రం పూజకు వెళ్లాను. ఇక్కడ చలికాలమంటే మాల్‌లో ఏసీ దగ్గర నిలబడడమే. గుడి బయట అందరం చెమటలు కక్కుతూ నిలబడ్డాం. కొవ్వొత్తులకు కింద కాగితం కప్పులు తొడిగి ఇచ్చారు. తలుపు దగ్గర ఒక పెద్దాయన నిప్పు ఆర్పే సిలిండరు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన్ని చూసి లోపల్లోపల మెచ్చుకున్నాను. నా సంచిలో మూడు మైనపు కొవ్వొత్తులున్నాయి. వాటితో పాటు, దారిలో అలంకరణ సామాన్ల దుకాణంలో కొన్న బ్యాటరీ కొవ్వొత్తి కూడా ఉంది. మైనం రంగే, పైన పసుపుపచ్చ బల్బు అచ్చం మంటలాగే మినుకుమినుకుమనేది. ఫాదర్ చల్లిన నీళ్లు దాని మీద కూడా పడేటట్టు సంచి మూతి బాగా తెరిచి పట్టుకున్నాను. దీవెన పడ్డాక మైనందైతేనేం, బ్యాటరీదైతేనేం అని నా లెక్క. దాని స్విచ్చులోకి నీళ్లు పోతాయేమోనని వేలు కూడా అడ్డం పెట్టాను.

లోపల ఆ రోజు వాక్యం చదివారు. గుడిలో కాచుకుని కూర్చున్న ముసలాయన పసిబిడ్డను చేతుల్లోకి తీసుకుని, చూడాల్సింది చూశాను, ఇక నేను వెళ్లొచ్చు అంటాడు. చిన్నప్పటి నుంచీ ఏటా విన్నదే. ఈసారి విని నాకు ఒళ్లు మండింది. ఆయన ముసలివాడు, వెళ్తాడు. నా భార్యకు నలభై తొమ్మిది. చూడాల్సింది ఏం చూసిందని? వెలుగుతున్న కొవ్వొత్తి చేత్తో పట్టుకుని, చుట్టూ అంతమంది పాడుతుంటే నేను పళ్లు బిగబట్టి నిలబడ్డాను.

ఇంటికొచ్చి మంచం మీద అన్నీ పరిచాను. మా అమ్మాయి అక్కడే ఉంది. ఒక్కతే కూతురు, యూనివర్సిటీలో రెండో సంవత్సరం. ఇక్కడి పిల్లల్లాగే ఇంగ్లీషు మాట చివర ‘లా’ అని తగిలిస్తుంది. అమ్మ కోసం ఆ సెమిస్టర్ సగం క్లాసులు ఎగ్గొట్టి ఇంట్లోనే ఉంటోంది. బ్యాటరీ కొవ్వొత్తి చూడగానే దానికి మొహం ఎర్రబడింది.

“డాడీ, ఆర్ యూ సీరియస్? దిస్ ఈజ్ డెకరేషన్ లా.”

“దీవించిందే. ఫాదర్ నీళ్లు చల్లారు,” అన్నాను.

నా భార్య దాన్ని చేతిలోకి తీసుకుని తిరగేసింది. అడుగున స్విచ్చు కనబడింది. నొక్కింది, వెలిగింది. మళ్లీ నొక్కింది, ఆరిపోయింది. అలా నాలుగైదుసార్లు చేసింది.

“బాగుందండీ. మళ్లీ పుట్టినరోజుకి కేకు పక్కన పెట్టుకోండి,” అని నా వైపు తోసేసింది.

తర్వాత మైనపు కొవ్వొత్తులు మూడూ తీసుకుని వాసన చూసి, నా ఎదుటే అమ్మాయి చేతిలో పెట్టింది.

“ఇవి నీ దగ్గరుంచు. మీ నాన్న ఇయ్యడు.”

నేను గదిలోంచి లేచి వెళ్లిపోయాను. కోపమొచ్చింది, కాని ఆమె మీద కోపం ఎలా వస్తుంది, ఆమె చెప్పింది నిజమైతే? వంటింట్లో నిలబడి ఇండక్షన్ పొయ్యి అద్దం పావుగంట సేపు తుడిచాను.

వారానికి రెండుసార్లు ఒక నర్సు ఇంటికి వచ్చేది. ఫిలిప్పీన్స్ అమ్మాయి, మెడలో చిన్న సిలువ ఉండేది. మా అమ్మాయి తన గదిలోంచి తెచ్చి బల్ల మీద పెట్టిన కొవ్వొత్తులను ఆమె చూసింది, చూసి ఊరుకుంది. నేను ఆమెను అడిగినవన్నీ మిషను గురించే. ఎన్ని లీటర్లు పెట్టాలి, ఫిల్టరు ఎప్పుడు కడగాలి, కరెంటు పోతే పక్కనున్న సిలిండరు ఎంతసేపు వస్తుంది. ఆమె వచ్చే ముందు కాగితం మీద రాసిపెట్టుకుని మరీ అడిగేవాణ్ణి. కొవ్వొత్తి ప్రశ్న ఆ కాగితం మీదికి ఎప్పుడూ రాలేదు.

ఆ నెల మూడో వారంలో గురువారం ఉదయం నర్సు వచ్చి, ఈరోజో రేపో అని చెప్పింది. ఆయాసం తెలియకుండా నాలుక కింద మందు చుక్కలు ఎలా వేయాలో చూపించి, ఏమైనా అయితే ఫోన్ చేయమని వెళ్లింది. ముందురోజే ఫాదర్ వచ్చి నూనె పూసి ప్రార్థన చేసి వెళ్లారు. మధ్యాహ్నం మేము అన్నం తినలేదు. ఆమె ఊపిరి ఒకటి తీసుకుంటే ఇంకోటి రావడానికి చాలాసేపు పడుతోంది. మేమిద్దరం చెరోపక్కన కూర్చుని ఆ ఊపిరి కోసం మా ఊపిరి బిగబట్టి చూస్తున్నాం.

రెండున్నర దాటాక ఆమె కుడిచెయ్యి దుప్పటి మీద కదిలింది. అరచెయ్యి పైకి తిరిగి, వేళ్లు కొంచెం తెరుచుకున్నాయి.

అమ్మాయి లేచి బల్ల మీద నుంచి ఒక కొవ్వొత్తి తీసుకుంది. రెండో చేత్తో జేబులోంచి లైటరు తీసింది. కింద కాఫీషాపులో కొని పెట్టుకుందట. నా ఇంట్లో, ఆక్సిజన్ మిషనుకు మూడడుగుల దూరంలో, లైటరు.

“డాడీ, స్విచాఫ్ ద మిషన్.”

“వద్దు. అది ఇటియ్యి.”

“అమ్మ ఈజ్ ఆస్కింగ్. కాన్ట్ యూ సీ హర్ హ్యాండ్?”

“ఆపితే అరగంట ఆగాలి! అరగంట మీ అమ్మ ఊపిరాడక కొట్టుకుంటా ఉంటే చూస్తా కూచుంటావా?”

“యూ ప్రామిస్డ్ హర్!”

“ఏదో అన్నా! అనక ఏం చెయ్యమంటావ్?”

“దెన్ డోంట్ ప్రామిస్ లా!”

నేను దాని మణికట్టు పట్టుకుని మెలితిప్పి లైటరు లాక్కున్నాను. పుట్టినప్పటి నుంచీ దాని మీద చెయ్యి వేసినవాణ్ణి కాదు. ప్లాంటులో ఎవడి దగ్గరైనా లైటరు దొరికితే ఏ గొంతుతో అరుస్తానో ఆ గొంతుతోనే అరిచాను. అరిచి, తల తిప్పి చూస్తే నా భార్య కళ్లు తెరిచి ఉన్నాయి. మా ఇద్దరి వైపే చూస్తున్నాయి. ఎప్పుడు తెరిచిందో, ఎంత విన్నదో తెలియదు. ఆమె ఈ లోకంలో దాదాపు చివరగా విన్నది మా పోట్లాటే.

సొరుగు లాగి బ్యాటరీ కొవ్వొత్తి తీసి, స్విచ్చు నొక్కి, ఆమె చేతిలో పెట్టి వేళ్లు ముడిచాను. ఇదిగో, వెలుతురు, చూడు, అన్నాను. ఆమె దాని వైపు చూసింది. వేళ్లు విచ్చుకున్నాయి. అది జారి దుప్పటి మీద పడింది. మళ్లీ పెట్టాను. మళ్లీ విచ్చుకున్నాయి. ఈసారి అది దొర్లి మంచం కిందికి పోయింది. నేను మోకాళ్ల మీద వంగి, మంచం కింద తల పెట్టి, మిషను గొట్టాల మధ్య చెయ్యి చాపి దాని కోసం తడిమాను. అది గోడ దగ్గర మినుకుమంటూ ఉంది, వేలికి తగిలి ఇంకా దూరం పోతోంది.

“డాడీ,” అని పైనుంచి పిలిచింది అమ్మాయి. “డాడీ, అమ్మ.”

నేను లేచేసరికి అయిపోయింది.

వేళ్లలో సత్తువ లేక వదిలేసిందని నేనంటాను. వద్దనే వదిలేసిందని మా అమ్మాయి అంటుంది. ఇందులో మేమిద్దరం ఇప్పటికీ ఒక మాట మీదకు రాలేదు, వస్తామని కూడా నాకు ఆశ లేదు.

మిషను ఆపాను. రెండు నెలలుగా ఆగని చప్పుడు ఆగిపోయింది. ముక్కు దగ్గర గొట్టం తీసి, చెవుల వెనక అది కోసుకుపోయిన గాట్లు తుడిచాను. కిటికీలన్నీ తెరిచి ఫ్యాను వేశాను. గోడ గడియారంలో మూడూ పది. ఎందుకు చూశానో అప్పుడు నాకే తెలియదు. చూసి గుర్తుపెట్టుకున్నాను.

ఫోన్ చేస్తే, డాక్టరు రావడానికి టైము పడుతుందని ముందు నర్సు వచ్చింది. దగ్గర్లోనే ఎవరింట్లోనో ఉందట. ఆమె నా భార్య నుదుటి మీద సిలువ గుర్తు వేసి, కళ్లు సరిగ్గా మూసి, జుట్టు సవరించింది. అప్పుడు బల్ల మీదున్న కొవ్వొత్తుల వైపు చూసి, చేతిలో పెట్టారా అని అడిగింది. వాళ్ల ఊళ్లోనూ ఇదే పండుగట, ఈ కొవ్వొత్తులేనట. వాళ్ల అమ్మమ్మకు ఆమే పట్టుకుందట.

ఆక్సిజన్ ఉంది కదా, ఎలా పెడతాం అన్నాను.

ఆమె నేను తీసిన గొట్టం చేతిలోకి తీసుకుంది. తర్వాత, నన్ను నొప్పించకూడదని ఎంతో జాగ్రత్తగా చెప్పింది. నిన్నటి నుంచే ఆ గొట్టం వల్ల నా భార్యకు ఒరిగేదేమీ లేదట. ఆయాసం తెలియకుండా చూసింది మందు చుక్కలేనట. ఆ దశలో చాలా ఇళ్లలో గొట్టం తీసేయమనే చెబుతారట. పొద్దున తను ఉన్నప్పుడే తీసేసి, కిటికీలు తెరిచి ఉంటే మధ్యాహ్నానికి ఏ ఇబ్బందీ లేకుండా వెలిగించుకునేవాళ్లమట.

“యూ నెవర్ ఆస్క్డ్ మీ, సార్,” అంది.

తప్పు పట్టినట్టు కాదు. బాధగానే అంది. నేను తల ఊపాను. ప్లాంటులో ఒకసారి ఎవడో కుర్ర ఇంజనీరు, మీరు లెక్క తప్పు చూశారు సార్, అంటే వాణ్ణి మాటలతో చీల్చి చెండాడాను. ఈమెను ఏమంటాను? గోడకు చేరబడి కూర్చున్న అమ్మాయి మొత్తం విన్నది. నా వైపు చూడలేదు. మణికట్టును రెండో చేత్తో పట్టుకుని అలాగే కూర్చుంది.

మూడూ నలభై అయ్యేదాకా ఆగాను. పోయిన మనిషికి ఆ అరగంటతో పనేముంది? అయినా ఆగాను. నాకు వేరే ఏదీ చేతకాదు. నలభై కాగానే లేచి ఫ్యాను ఆపి, నా జేబులో ఉన్న ఆ లైటరుతోనే కొవ్వొత్తి వెలిగించాను. ఆమె కుడిచేతిలో పెట్టి వేళ్లు ముడిచాను. ముడిచిన వేళ్లు ముడిచినట్టు ఉండడం లేదు. నా చెయ్యి చుట్టూ వేసి, గట్టిగా పట్టుకుని నిలబెట్టాను. పట్టపగలు, కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. గది నిండా ఎండ. ఆ మంట ఉందో లేదో కూడా సరిగ్గా కనబడడం లేదు.

కాసేపటికి వత్తి పక్క నుంచి మైనం జారి, వేడి చుక్క ఒకటి ఆమె బొటనవేలి మీద పడింది.

“అయ్యో, కాలిందా?” అన్నాను.

అని, కొవ్వొత్తి పక్కకు వంచి, ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంటుందేమోనని చూస్తూ ఉన్నాను. అప్పుడు గోడ దగ్గర కూర్చున్న మా అమ్మాయి మొదటిసారి గట్టిగా ఏడ్చింది.